గోడ మీద ఎవరి ఫొటో? మా హాస్టల్లో నాలుగు రాత్రుల వాదన

పోస్టు కొంచెం పొడుగైంది. ఓపిగ్గా చదవండి. చివర్లో మీతో ఒక పని ఉంది.

మేం తనకల్లు మండలం తాండాల పిల్లలం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం. వాన పడితే శెనక్కాయ, పడకపోతే బెంగళూరు. మా యాడి బాపుల బతుకు అట్లే గడిచింది. ఇప్పుడు హాస్టల్లో ఒకే వరండా గదుల్లో ఇరవై నలుగురం ఉంటున్నాం. ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవం వస్తోందని, వరండా గోడకు సున్నం కొట్టించి, అక్కడ ఐదుగురు గిరిజన క్రీడాకారుల ఫొటోలు పెట్టుకుంటామని అడిగినాం. సరే అన్నారు. ఐదు ఫ్రేములకు సరిపడా చందాలు కూడా వేసుకున్నాం. అంతవరకు బాగానే ఉంది. ఆ ఐదుగురు ఎవరు అనే దగ్గర గొడవ మొదలైంది.

మొదటి రాత్రి పేర్లు చెప్పమంటే పదిహేను దాకా వచ్చినాయి. ఒకరు పతకం ముఖ్యం అన్నారు. ఇంకొకరు, పతకం కాదు, దారి తెరిచినోళ్లు ముఖ్యం అన్నారు. మూడో ఆయన "మన తాండా మనిషి ఒక్కడన్నా ఉండల్ల గదన్నా" అని పట్టుబట్టినాడు. అరుచుకుంటే తేలదని అర్థమై, ఇట్లాంటి లిస్టులు వేరే చోట్ల ఎట్ల తయారు చేస్తారో చదువుదామనుకున్నాం. అట్ల దొరికిందే అమెరికా బేస్‌బాల్ కథ. మనకూ బేస్‌బాల్‌కూ ఏం సంబంధం అనుకోవద్దు. ఉంది.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అని చిన్న ఊరు ఉంది. అక్కడ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. 1936లో మొదటి ఎన్నిక జరిగింది, ఐదుగురిని ఎన్నుకున్నారు. 1939లో భవనం తెరిచారు. ఆటగాడు పెద్ద లీగుల్లో కనీసం పది సీజన్లు ఆడి ఉండాలి. ఆట మానేసినాక ఐదేళ్లు ఆగాలి. బేస్‌బాల్ గురించి ఏండ్ల తరబడి రాసే విలేకర్లు ఓటేస్తారు. నూటికి 75 ఓట్లు వస్తేనే లోపలికి. ఎవరికి అర్హత ఉంది, ఎవరికి లేదు అని అక్కడ ప్రతి చలికాలం పెద్ద పంచాయితీ నడుస్తుంది.

చదివినప్పుడు మాకు ఆ రూల్స్ న్యాయంగానే అనిపించినాయి. పదేళ్లు ఆడమనడంలో తప్పేముంది? కానీ ఇంకొంచెం చదివితే అసలు సంగతి తెలిసింది. 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా, అరవై ఏండ్లకు దగ్గరగా నల్లజాతి ఆటగాళ్లను ఆ పెద్ద లీగుల్లోకి రానీయలేదు. వాళ్లు తమ లీగులు తాము పెట్టుకుని ఆడినారు. సాచెల్ పేజ్ అనే గొప్ప బౌలర్ లాంటి ఆటగాడు (వాళ్ల ఆటలో పిచర్ అంటారు) పెద్ద లీగులోకి వచ్చేసరికి 1948, ఆయన వయసు 42. పది సీజన్లు ఎట్ల ఆడతాడు? జాష్ గిబ్సన్ అని ఇంకొక దిగ్గజం. 1947 జనవరిలో, 35 ఏండ్లకే చనిపోయినాడు. జాకీ రాబిన్సన్ మైదానంలో దిగింది అదే ఏడాది ఏప్రిల్‌లో.

అంటే ముందు తలుపు మూసినారు, తర్వాత "లోపల పదేళ్లు ఎందుకు లేవు?" అని అడిగినారు. 1971లో పేజ్‌ను తీసుకున్నప్పుడు కూడా, నల్లజాతి లీగుల వాళ్లకు వేరే విభాగం పెడతామని మొదట ప్రకటించారు. జనం తిట్టిపోస్తే వెనక్కి తగ్గి, అందరితో పాటే పెట్టినారు. మరుసటేడు గిబ్సన్ పేరు కూడా చేరింది. ఊరి బయట ఇంకో బావి తవ్విస్తాం అన్నట్టే ఉంది గదా ఈ వేరే విభాగం మాట. మాకైతే విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. నల్లజాతి లీగుల లెక్కలు ఒక్క చోట లేవు. కొంతమంది పరిశోధకులు ఏండ్ల తరబడి పాత పేపర్లు తిరగేసి, ఒక్కో మ్యాచ్ స్కోరు ఏరుకుని లెక్క కట్టినారు. 2020 డిసెంబరులో ఆ లీగులు కూడా పెద్ద లీగులేనని అధికారికంగా ఒప్పుకున్నారు. 2024 మేలో లెక్కలన్నీ కలిపినారు. అప్పుడు చూస్తే, దశాబ్దాలుగా మొదటి స్థానంలో ఉన్న టై కాబ్ సగటు 0.367, గిబ్సన్ సగటు 0.372. చనిపోయిన 77 ఏండ్లకు గిబ్సన్ మొదటి స్థానానికి వచ్చినాడు. ఆయన ఆట ఏమీ మారలేదు. కాగితం దొరికింది, అంతే.

రెండో రాత్రి జిమ్ థార్ప్ గురించి చదివినాం. ఈయన అమెరికా ఆదివాసీ, శాక్ అండ్ ఫాక్స్ తెగ మనిషి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ స్వర్ణం గెలిచినాడు. అంతకుముందు ఎండాకాలాల్లో చిన్న బేస్‌బాల్ జట్లకు కొద్దిపాటి డబ్బుకు ఆడినాడని తెలిసి, 1913లో ఆ రెండు పతకాలు లాగేసుకున్నారు. డబ్బుకు ఆడినోళ్లు ఒలింపిక్స్‌కు పనికిరారని అప్పటి రూల్. కానీ అభ్యంతరం ఉంటే 30 రోజుల్లోపు చెప్పాలనేది కూడా అప్పటి రూలే! ఆరు నెలల తర్వాత వచ్చిన అభ్యంతరానికి ఆ రూలు గుర్తు రాలేదు. థార్ప్ 1953లో చనిపోయినాడు. 1982లో ఇంకొకరితో సమానంగా విజేత అన్నారు. 2022లో గానీ ఒంటరి విజేతగా ఒప్పుకోలేదు. 110 ఏండ్లు పట్టింది.

ఇక మన దేశం సంగతి. అర్జున అవార్డు 1961లో మొదలైంది. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో వచ్చింది. గురువు పేరు ఉంది, ముద్దుల శిష్యుని పేరు ఉంది. బొటనవేలు ఇచ్చిన ఏకలవ్యుని పేరు మాత్రం ఆ జాతీయ అవార్డుల్లో లేదు. ఇది మేం చెప్తే అందరూ నవ్వినారు, కానీ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అవార్డు పుట్టక ముందే ఆట ఆడినోళ్ల సంగతేంది? మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సారునే చూడండి. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణం తెచ్చిన కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది కూడా ఆయన చేతుల్లోనే. 1963లో చనిపోయినాడు. ద్రోణాచార్య వచ్చేసరికి ఆయన పోయి 22 ఏండ్లు. భారతరత్న అయితే 2011 చివరి దాకా కళలు, సాహిత్యం, విజ్ఞానం, ప్రజాసేవ వాళ్లకే. అప్పుడు రూలు మార్చి ఏ రంగమైనా సరే అన్నారు. 2013లో సచిన్‌కు ప్రకటించారు. అంటే రూలు రాయి మీద చెక్కింది కాదు. మార్చాలనుకుంటే మారుతుంది.

ఇంత చదివినాక మూడో రాత్రి అసలు వాదనకు కూర్చున్నాం. కూపర్స్‌టౌన్ లెక్కే పెట్టుకున్నాం. ఇరవై నలుగురిలో నూటికి 75 అంటే 18 ఓట్లు. 18 వస్తేనే గోడ మీదికి.

మొదటి పేరు జైపాల్ సింగ్ ముండా. 1903లో ఇప్పటి జార్ఖండ్‌లోని ఖూంటీ దగ్గర టకరా అనే ముండా పల్లెలో పుట్టినాడు. రాంచీ మిషన్ బడి నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా పోయినాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్ ఆయనే. అది మన హాకీ మొదటి ఒలింపిక్స్. ఐదు మ్యాచ్‌లు, 29 గోల్స్, మన మీద ఒక్క గోల్ కూడా పడలేదు. ఫైనల్లో నెదర్లాండ్స్ మీద 3-0. ఆ 29లో ధ్యాన్‌చంద్ కొట్టినవి 14.

వ్యతిరేకంగా మాట్లాడిన తమ్ముడు గట్టిగానే మాట్లాడినాడు. "ఆయప్ప ఫైనల్ ఆడనే లేదు గదన్నా. మధ్యలో జట్టు వదిలి పోయినాడు. ఫైనల్ ఆడనోన్ని కెప్టెన్ అని గోడ మీద పెడితే ఎట్ల?" మాట నిజమే. జట్టు నిర్వాహకులతో పొసగక ఫైనల్‌కు ముందే ఆయన జట్టుకు దూరమైనాడు.

జవాబు ఇచ్చిన అన్న ఇట్ల చెప్పినాడు. ఆ సమయంలో జైపాల్ సింగ్ ఐసీఎస్ శిక్షణలో ఉన్నాడు. ఒలింపిక్స్‌కు సెలవు ఇయ్యమంటే ఇయ్యలేదు. అయినా పోయినాడు. తిరిగి వస్తే శిక్షణ ఇంకో ఏడాది చెయ్యమన్నారు. ఆయన ఐసీఎస్‌నే వదులుకున్నాడు. మనలో ఎంతమందిమి ఒక గ్రూప్-4 ఉద్యోగం కోసం ఎన్నేండ్లు చదువుతున్నాం, ఆయన హాకీ కోసం కలెక్టర్ కుర్చీ వదిలినాడు. తర్వాత 1939లో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడైనాడు. రాజ్యాంగ సభలో 1946 డిసెంబరు 19న లేచి, నన్ను జంగ్లీ అంటే నాకు గర్వమే అన్నాడు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పలేరు, వాళ్ల దగ్గర మీరే నేర్చుకోవాలి అనే అర్థంలో మాట్లాడినాడు. ప్రత్యేక జార్ఖండ్ కోసం పార్టీ పెట్టినాడు. 1970లో చనిపోయినాడు. రాష్ట్రం వచ్చింది 2000 నవంబరు 15న.

"ఇది రాజకీయం, ఆట కాదు" అని ఇంకొకరు అడ్డం పడినారు. కొంతసేపు నడిచింది. చివరికి మేం ఒప్పుకున్నది ఇది: గోడ మీద పెట్టేది ఆటగానినే, నాయకుణ్ని కాదు. ఆటగానిగానే చూస్తే, దేశానికి మొదటి హాకీ స్వర్ణం తెచ్చిన జట్టుకు కెప్టెన్ అనే ఒక్క మాట చాలు. ఫైనల్ ఆడలేదన్న మాట కూడా ఫొటో కింద రాయాలని తీర్మానం చేసినాం. మనోడు గదా అని మచ్చ దాచిపెడితే, వాళ్ల లిస్టులకూ మన లిస్టుకూ తేడా ఏముంటుంది? ఓట్లు 21.

రెండో పేరు తలిమెరెన్ ఆవో. మాలో చాలామంది ఈ పేరు వినడం అదే మొదలు. నాగా మనిషి, 1918లో చాంగ్‌కీ ఊర్లో పుట్టినాడు. కలకత్తాలో డాక్టరు చదువు చదువుతూ మోహన్ బగాన్‌కు ఆడినాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్. ప్రారంభ వేడుకలో దేశం జెండా పట్టుకుని నడిచింది కూడా ఆయనే. ఆ జట్టులో ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడినారు. ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడిపోయినారు, అది కూడా రెండు పెనాల్టీలు గోల్ చేయలేక. తర్వాత ఆయన నాగాలాండ్ పోయి డాక్టరుగా పనిచేసినాడు. 1998లో చనిపోయినాడు.

"ఓడిపోయిన మ్యాచ్‌కు ఫొటోనా?" అని ఒకరన్నారు. అప్పుడు ఒక చెల్లెలు (పక్క హాస్టల్ నుంచి ఫోన్లో వింటూ ఉంది, ఓటు లేదు, నోరు ఉంది) ఒక మాట అనింది. "1928లో హాకీ జట్టును నడిపింది ముండా మనిషి. 1948లో ఫుట్‌బాల్ జట్టును నడిపింది నాగా మనిషి. ఈ రెండు ముక్కలు మన స్కూలు పుస్తకాల్లో ఎవురన్నా చదివినారా?" ఎవ్వరూ చెయ్యెత్తలేదు. ఓట్లు 19.

మేరీ కోమ్ మీద వాదన పెద్దగా లేదు. మణిపూర్ కోమ్ తెగ బిడ్డ, ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్, 2012 లండన్‌లో కాంస్యం. 23 ఓట్లు. ఆ ఒక్క ఓటు ఎందుకు పడలేదంటే, ఆమెకు పేరు ఇప్పటికే ఉంది, ఆ ఫ్రేము ఇంకొకరికి ఇద్దామని ఒక అన్న ఆలోచన.

మాలావత్ పూర్ణ దగ్గర వేరే రకం గొడవ. నిజామాబాద్ జిల్లా పాకాల తాండా బిడ్డ, మన లంబాడి ఆడపిల్ల. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి 13 ఏండ్ల 11 నెలలు. ఆ వయసులో ఎక్కిన ఆడపిల్ల ప్రపంచంలో ఇంకెవరూ లేరు. పక్కన ఖమ్మం ఆనంద్ కుమార్ ఉన్నాడు. 2022లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తి చేసింది. ప్రశ్న ఏంటంటే, కొండ ఎక్కడం ఆటేనా? ఎదుట ఇంకో ఆటగాడు లేడు గదా? రెండోది, ఆమె ఇంకా చిన్నది, కూపర్స్‌టౌన్ లెక్కన ఆగాలి గదా? ఒక తమ్ముడు లేచి, "అన్నా, మా చెల్లెలు తొమ్మిదో తరగతి. పెండ్లి మాటలు అప్పుడే మొదలుపెట్టినారు. హాస్టల్ చూడనీకి వచ్చినప్పుడు ఈ ఫొటో చూపిస్తా. ఐదేళ్లు ఆగితే ఏం లాభం?" అన్నాడు. 22 ఓట్లు.

ఐదో ఫ్రేముకు ముగ్గురు పోటీ. లింబారాం, రాజస్థాన్ ఉదయపూర్ వైపు అడవి పల్లె నుంచి వచ్చిన విలుకాడు. 1988, 1992, 1996 మూడు ఒలింపిక్స్ ఆడినాడు. 1991లో అర్జున, 2012లో పద్మశ్రీ. రెండోది మైఖేల్ కిండో, 1972 మ్యూనిక్ కాంస్యం, 1975 హాకీ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. మూడోది దిలీప్ తిర్కీ, సుందర్‌గఢ్ బిడ్డ, మూడు ఒలింపిక్స్, భారత్ తరఫున 400కు పైగా మ్యాచ్‌లు. కిండో, తిర్కీ వైపు పల్లెల్లో హాకీ పోటీలకు మేకపోతును బహుమతిగా పెడతారంట. ఇది చదివినప్పుడు మాకు మన తాండాలే గుర్తొచ్చినాయి. ఓట్లు ముగ్గురికీ చీలినాయి. ఎవ్వరికీ 18 రాలేదు.

అప్పుడే నాలుగో పేరు వచ్చింది. మా గదిలోని ఒకరి తాత. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, ఆయన సరే అన్నాకే రాస్తాం. వయసులో ఉన్నప్పుడు చెడుగుడులో కూతకు పోతే ఇద్దరు ముగ్గురిని తాకి గాని గీత దాటేవాడు కాదని మా తాండాల్లో ముసలోళ్లంతా చెప్తారు. కదిరి, మదనపల్లి దాకా పోయి ఆడినారు. గెలిస్తే పొట్టేలు. తెచ్చి తాండా అంతా వండుకుని తినేవాళ్లు. ఒకసారి కాగితం కూడా ఇచ్చినారంట. రేకుల పెట్టెలో పెడితే చెదలు తినేసింది. తర్వాత కరువు, బెంగళూరు, కాంక్రీటు పని. ఇప్పుడు మోకాళ్లు వంగవు.

మనవడు ఫోన్ చేసి అడిగితే ఆయన అన్నది: "ఫొటో యాడుందిరా నాయనా. అప్పుడు ఎవురు తీసినారు?"

ఓటు పెట్టినాం. 11 వచ్చినాయి.

చానాసేపు ఎవ్వరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. వద్దన్న వాళ్ల మాటలో తప్పు లేదు. "ముసలోళ్లు చెప్తారు అంటే ఎట్ల? ప్రతి తాండాలోనూ ఒకరిని చెప్తారు. ఏ ఏడాది, ఏ పోటీ, ఎవురి మీద? ఏదో ఒకటి ఉండల్ల గదా." న్యాయమైన ప్రశ్నే. కానీ రెండు రాత్రుల ముందు సాచెల్ పేజ్‌ను పదేళ్లు అడిగినోళ్లను తిట్టింది కూడా మేమే. ఇప్పుడు కాగితం అడుగుతున్నదీ మేమే.

ఇది పాత కథ మాత్రమే కాదు. ఆ మనవడు పోయినేడు ఒక కాలేజీలో స్పోర్ట్స్ సీటు అడిగినాడు. చెడుగుడులో తాతకు తగ్గ మనవడు. సర్టిఫికెట్లు చూపించమన్నారు. వాడు ఆడినవన్నీ ఊరి తిరునాళ్ల పోటీలు, తాండాల మధ్య పోటీలు. గెలిస్తే స్టీలు బిందె, లేదంటే కప్పు. బిందెను ఏ ఆఫీసులో చూపిస్తాడు? సీటు రాలేదు. తాత కాగితాన్ని చెదలు తినింది, మనవనికి కాగితమే పుట్టలేదు. మధ్యలో నలభై ఏండ్లు పోయినాయి.

నాలుగో రాత్రి మేం తేల్చుకున్నది చెప్తాం. గొప్ప ఆటగాళ్ల లిస్టు అంటే, గొప్పగా ఆడినోళ్లందరి లిస్టు కాదు. గొప్పగా ఆడి, ఆ ఆటను ఎవరో ఒకరు రాసిపెట్టినోళ్ల లిస్టు. జైపాల్ సింగ్ ఆట లండన్ పేపర్లలో పడింది కాబట్టి ఈ రోజు మేం వాదించుకోగలిగినాం. గిబ్సన్‌ను పాత పేపర్లు కాపాడినాయి. మన చెడుగుడును ఏ పేపరూ రాయలేదు. అయితే దానికి గోడ మీద 18 ఓట్ల రూలు తగ్గించడం మందు కాదు. తగ్గిస్తే రేపు ఆ ఫొటోకు విలువ ఉండదు, ఆ తాతకే అవమానం. రాయాల్సింది ఇప్పుడు మనమే. మన ఇండ్లల్లో రాయడం వచ్చిన మొదటోళ్లం మనమే గదా.

అందుకని గోడ మీద ప్రస్తుతానికి నాలుగు ఫొటోలే పెట్టినాం. ఐదో ఫ్రేము ఆఫీసు గదిలో భద్రంగా ఉంది. వచ్చే ఏడాది ఆగస్టులో మళ్లీ ఓటు. లింబారాం, కిండో, తిర్కీ, తాత, నలుగురూ పోటీలో ఉంటారు.

ఇక మీతో పని. దసరా సెలవులకు అందరం ఊర్లకు పోతాం. మీ తాండాలో, గూడెంలో, కాలనీలో ఒకప్పుడు బాగా ఆడినోళ్లు ఎవరున్నారో అడగండి. చెడుగుడు, ఖోఖో, పరుగు, విల్లు, కుస్తీ, బరువు ఎత్తడం, ఏదైనా సరే. ఆడోళ్లను కూడా తప్పకుండా అడగండి, వాళ్లు అడగందే చెప్పరు. ఫోన్లో గొంతు రికార్డు చెయ్యండి, ముందు వాళ్ల ఒప్పుదల తీసుకుని. ఏ ఊర్లో ఆడినారు, ఏ పంట కాలం, ఏ కరువుకు ముందు, పక్కన ఎవరు ఆడినారు, ఎదుటి జట్టు ఏ ఊరిది, ఏం గెలిచినారు, ఇవన్నీ అడగండి. ఏడాది గుర్తు లేకపోతే, అప్పుడు పెద్ద కొడుకు పుట్టినాడా లేదా అని అడగండి, ఏడాది దొరుకుతుంది. తర్వాత ఎదుటి జట్టు ఊరికి పోయి అక్కడి ముసలోళ్లను కూడా అడగండి. ఓడిపోయినోళ్లు కూడా ఒప్పుకుంటే అది గట్టి సాక్ష్యం.

ఇంకొకటి. ఇప్పుడు ఆడుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఏ పోటీ గెలిచినా బిందెతో పాటు ఒక కాగితం అడగండి. తేదీ, జట్టు పేరు, నిర్వాహకుల సంతకం. ఆ కాగితంతో స్పోర్ట్స్ సీటు వస్తుందని మేం చెప్పడం లేదు, దానికి గుర్తింపు ఉన్న పోటీలే ఆడాలి. కానీ రేపు మన గోడకు ఓటేసేటోళ్లకు అది పనికొస్తుంది. ఫోన్లో ఫొటో తీసి ఈ గ్రూపులో పెట్టండి. గ్రూపును చెదలు తినలేదు.

మా ఎంపిక తప్పనిపిస్తే కింద రాయండి. తిట్టినా పర్వాలేదు, కారణం మాత్రం చెప్పండి. ముఖ్యంగా లింబారాంకు ఓటెయ్యని ఆ తొమ్మిదిమంది పేర్లు మాత్రం అడగొద్దు, హాస్టల్లో మళ్లీ గొడవ మొదలవుతుంది.

తనకల్లు తాండాల విద్యార్థులం